మినీ మాల్దీవులు మనకెందుకు?

ఫైనల్ ఇయర్ ట్రిప్ అనగానే క్లాస్ గ్రూపులో ముందు పడేది మాల్దీవుల ఫొటో. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, నోట్లో స్నోర్కెల్ గొట్టం. రేట్లు చూశాక అది గోవా అవుతుంది, చివరికి సూర్యలంక దగ్గర ఆగుతుంది. మన కృష్ణా జిల్లాలోనే, కృత్తివెన్ను మండలంలో, చినగొల్లపాలెం అనే ద్వీపం ఉందని చెప్తే మాత్రం మనోళ్ళ మొదటి మాట ఒకటే: "అక్కడో రిసార్ట్ పడితే మినీ మాల్దీవులు అయిపోద్ది కదరా!"

అవ్వదు. అవ్వాల్సిన అవసరమూ లేదు.

మాల్దీవుల ఇసుక పగడాల పొడి. అక్కడ నది లేదు, బురద లేదు, అందుకే నీటి అడుగు కనపడుద్ది. మనది రెండు డెల్టాల మధ్య తీరం. ఒకవైపు బంగాళాఖాతం, మిగతా వైపులా కొల్లేటి నీళ్ళు మోసుకొచ్చే ఉప్పుటేరు పాయలు. ఈ నీళ్ళలో మాస్కు పెట్టుకుని మునిగితే మన చెయ్యి మనకే కనపడదు. కానీ ఆ మురికి రంగులోనే చేపకి మేత ఉంది. పండుగప్ప, పీత, రొయ్య పిల్లలుగా పెరిగేది ఇలాంటి మొగల్లోనే, మడ అడవుల వేళ్ళ మధ్యే. చింతచిగురు వేసి వండిన రొయ్యలు తిన్నవాడెవడూ నీళ్ళు నీలంగా లేవని బాధపడడు (నా నమ్మకం ఇది, వాదన పెట్టుకోను).

అసలు గొడవ వేరే. చినగొల్లపాలెం ఏళ్ళ తరబడి సముద్రపు కోతకి గురవుతోంది. తోటలు, సాగు భూములు నీళ్ళలో కలిసిపోయాయి. దీనికి కారణం ఒక్కటే కాదు. కానీ కృష్ణ తెచ్చే ఒండ్రులో చాలాభాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనకే ఆగిపోతోంది. అలల కోత మాత్రం ఆగదు కదా. కొత్త మట్టి రాకపోతే తీరం వెనక్కే జరుగుతుంది.

ఇప్పుడు 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ చూడండి. ప్రధాన తీరానికి దగ్గరగా ఉన్న ద్వీపాలకి కట్టడాలు నిషేధించిన జోన్ 20 మీటర్లే. గట్టు నిలకడగా ఉన్నచోట ఆ లెక్క సరిపోద్దేమో. జరిగిపోయే గట్టు మీద 20 మీటర్లంటే ఎంత? కాటేజీ పోతే యజమానికి ఇన్సూరెన్స్ ఉంటుంది. పక్కన వేటకెళ్ళేవాళ్ళ ఇంటికి ఏముంటుంది?

"మరి ఆ ఊరి కుర్రాళ్ళకి పని వద్దా?" అంటారు. కావాలి. అయితే మాల్దీవులనే చూడండి. 1972లో మొదలైన రిసార్టులు జనం లేని దీవుల్లో పెరిగాయి, డబ్బూ అక్కడే తిరిగింది. 2009 ప్రాంతంలో జనం ఉన్న దీవుల్లో గెస్ట్‌హౌసులకి అనుమతి ఇచ్చాకే మాఫుషీ లాంటి ఊళ్ళలో మామూలు కుటుంబాలు గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. మనం కాపీ కొట్టాలంటే కొట్టాల్సింది ఆ రెండోది.

కాబట్టి ట్రిప్ వెయ్యండి, కానీ ఒక్క రోజుకే. ముందే చెప్పి ఊళ్ళో ఎవరింట్లోనైనా భోజనం పెట్టించుకుని, బేరమాడకుండా డబ్బులివ్వండి. ప్లాస్టిక్ వెనక్కి తెచ్చుకోండి. సివిల్ వాళ్ళకి ఇంకో పని కూడా ఉంది. 1970ల నుంచి ఉన్న లాండ్‌శాట్ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక్కో దశాబ్దానికి ఒక్కో తీరరేఖ గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తే మైనర్ ప్రాజెక్టు అయిపోద్ది. ఆ మ్యాప్ ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రండి. రిసార్ట్ ఫైలు ఎప్పుడైనా వస్తే, పక్కన పెట్టి చూసుకోడానికి వాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.