చెత్త బండి ఏ వీధి దాకా వస్తోంది?

నగరం ఎంత శుభ్రంగా ఉందో చెప్పడానికి ఏటా ఒక ర్యాంకు వస్తుంది. కేంద్రం 2016లో 73 నగరాలతో మొదలుపెట్టిన స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మరుసటి ఏడాదే మన విశాఖపట్నం దేశంలో మూడో స్థానం కొట్టింది. అప్పట్లో ఇంజినీరింగ్ చదువుతున్న మాలాంటివాళ్లం గర్వంగా స్టేటస్‌లు కూడా పెట్టుకున్నాం. అయితే ఊరంతటికీ ఇచ్చే ఆ ఒక్క ర్యాంకులో బీచ్ రోడ్డూ, కొండవాలు కాలనీలూ కలిసిపోతాయి. బీచ్ రోడ్డును ఊడ్చినట్టే ఆ మెట్ల దారుల్నీ ఊడుస్తున్నారా అన్నది ఆ అంకెలో కనిపించదు. గ్రూప్స్‌కో, సచివాలయ పోస్టులకో ప్రిపేరవుతున్న మిత్రులు ర్యాంకులు బట్టీ పట్టడంతోపాటు ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి.

కుప్ప ఎలా పుడుతుంది?

ఖాళీ స్థలంలో చెత్త కనిపిస్తే 'జనానికి బుద్ధి లేదు' అనేస్తాం. అది సగం నిజం. మిగతా సగం బండి రూటులో ఉంటుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక ఆటోకి 600 ఇళ్లు, ఇంటికి అర నిమిషం అనుకుంటే 5 గంటలు పడుతుంది. యార్డుకు వెళ్లి రావడం దీనికి అదనం. ఆటో ఒక పూట మొరాయించిందంటే రూటులో చివరి వీధులు మిగిలిపోతాయి. ఆ చివరివి తరచూ ఏవై ఉంటాయి? ఆటో పట్టని సందులు, మెట్ల దారులు, ఇంకా రోడ్డు పడని లేఅవుట్లు.

అక్కడ బండి సందు మొదట్లో ఆగి కాసేపు పాట వేసి వెళ్లిపోతుంది. తెల్లారగట్ల కూలికి పోయినవాళ్ల ఇంట్లో ఆ టైముకి ఎవరుంటారు? రెండు రోజుల తడి చెత్తను ఒంటి గది ఇంట్లో దాచుకోలేరు కదా! అది గెడ్డలోకో, ఖాళీ స్థలంలోకో పోతుంది. ఒకరు వేశాక ఇంకొకరు వేస్తారు. ఎలాగూ కుప్ప ఉంది కదా అని ఎక్కడో ఇల్లు కూల్చిన మట్టీ, హోటల్ వ్యర్థాలూ రాత్రిపూట ట్రాక్టర్‌లో తెచ్చి అక్కడే దించేస్తారు. అధికారుల భాషలో వీటి పేరు గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు. చెడ్డపేరు మాత్రం ఆ వీధివాళ్లకు వస్తుంది. దోమలూ, డెంగీ భయమూ వాళ్లకే.

యాప్ చూడని వీధులు

స్వచ్ఛతా యాప్, మై జీహెచ్‌ఎంసీ లాంటివి మంచివే. ఫొటో తీసి పెడితే సిబ్బందికి చేరుతుంది. కానీ డేటా గురించి కాస్త తెలిసినవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఫిర్యాదు చేసే తీరికా, అలవాటూ ఉన్న కాలనీల నుంచే ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి. ఫిర్యాదు రాని వీధి స్క్రీన్ మీద శుభ్రమైన వీధిగానే కనిపిస్తుంది. మనుషుల్నీ, బండ్లనీ ఆ స్క్రీన్ చూసి పంపితే, ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది.

ఎత్తిన చెత్త వెళ్లే చోటూ చూడాలి. విశాఖ చెత్త కాపులుప్పాడకు చేరుతుంది. హైదరాబాద్ చెత్తను రెండు దశాబ్దాలకు పైగా జవహర్‌నగర్ మోస్తోంది. ఒకరి వీధి శుభ్రత ఇంకొకరి ఊరి మీద బరువైంది.

చట్టం ఏమంటోంది?

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీధుల్లో, కాలువల్లో చెత్త వేయకూడదని పౌరుడికి చెప్పాయి. అదే సమయంలో మురికివాడలు, అనధికార బస్తీలు సహా ప్రతి ఇంటి నుంచీ చెత్త సేకరించడం స్థానిక సంస్థ విధి అనీ చెప్పాయి. మనం మొదటి వాక్యం మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

ఇక డబ్బు సంగతి. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో భాగంగా పట్టణాల్లో వసూలు చేసిన రుసుముకు జనం 'చెత్త పన్ను' అని పేరు పెట్టారు. 2024 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఇళ్లకు ఊరట దక్కింది. బండి ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇంకో పద్దు నుంచి రావాల్సిందే. ఆ పద్దుకు కొరత పడిన నెలలో ఏ వీధి ట్రిప్పు ముందు ఆగుతుంది? అడగాల్సిన ప్రశ్న అది.

పట్టణంలా పెరిగిన పంచాయతీలు

పక్కనున్న నర్సీపట్నం మున్సిపాలిటీ. మా కోటవురట్ల మండల కేంద్రమే అయినా పంచాయతీ. దుకాణాలూ, టిఫిన్ సెంటర్లూ, ప్లాస్టిక్ కవర్లూ రెండు చోట్లా ఉన్నాయి. చెత్త తీరు ఒకటే, ఏర్పాట్లు వేరు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు ఇచ్చిన 18 అంశాల్లో ఘన వ్యర్థాల నిర్వహణ పేరు పెట్టి మరీ ఉంది. పంచాయతీల పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం అన్న మాటే తప్ప ఘన వ్యర్థాల ఊసు లేదు. 2019లో వచ్చిన సచివాలయాల్లోనూ అంతే. వార్డుల్లో పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి పోస్టు వేరుగా పెట్టారు. గ్రామాల్లో ఆ పనీ పంచాయతీ కార్యదర్శి నెత్తినే పడింది. 15వ ఆర్థిక సంఘం తన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. అది ఏ వీధికి ఎంత చేరిందో మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

మనం చేయగలిగింది

నలుగురు స్నేహితులు కలిసి రెండు వారాలు ఒక షీట్ నింపండి చాలు. వీధి పేరు, బండి వచ్చిన రోజు, టైము, ఎంతసేపు ఆగింది, కుప్ప ఎక్కడుంది. దాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పెడితే రాని వీధులు వాటంతటవే బయటపడతాయి. రూటు వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత ఆ మ్యాపును గ్రామసభ ముందో, వార్డు సచివాలయంలోనో పెట్టండి. బండి టైము సాయంత్రానికి మార్చడం, సందులకు తోపుడు బండి ఇవ్వడం పెద్ద ఖర్చుతో పనిలేని మార్పులు.

మ్యాపింగ్, డేటా అనాలిసిస్, పబ్లిక్ పాలసీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు రెజ్యూమెలో చూపించుకోదగ్గ ప్రాజెక్టు ఇది. అంతకంటే ముఖ్యం, 'వాళ్లెప్పుడూ ఇంతే' అని మనం తేల్చేసిన వీధికి అసలు బండి ఎన్నిసార్లు వచ్చిందో దీంతో లెక్క తేలుతుంది.