వార్త రాయడం మనమూ నేర్చుకోవాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్ళు అడిగారు. కవితైతే బాగుంటుందన్నారు. నాకు కవిత రాదు. నాకు వచ్చింది వార్త రాయడం ఒక్కటే. అది కూడా సికింద్రాబాదులో డిగ్రీ చదివేటప్పుడు ఎర్ర సిరా దెబ్బలు తిని నేర్చుకున్నాను. ఈ విద్య మన హాస్టల్లో ఉండే ప్రతి విద్యార్థినికీ అవసరమని నా అభిప్రాయం. గ్రూప్స్ రాసేవాళ్ళకు, టీచరయ్యేవాళ్ళకు, నర్సింగుకు పోయేవాళ్ళకు కూడా అవసరమే. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. నాయిన హమాలీ. అవ్వ కైకిలికి పోతుంది. మా ఇంటికి పేపరు వచ్చేది మిర్చీ బజ్జీల పొట్లంగానే. బి.ఎ.లో జర్నలిజం తీసుకున్నది కూడా ఇష్టపడి కాదు, అడిగిన గ్రూపులో సీట్లు అయిపోయాయి కాబట్టి.

మొదటి సంవత్సరం ఎండాకాలంలో హాస్టల్లో నీళ్ళకు కటకటయింది. ఒకరోజు ఒక పత్రిక నుంచి ఒకాయన వచ్చారు. ఇరవై నిమిషాలు కూడా ఉండలేదు. మా గది అమ్మాయి బకెట్ పట్టుకుని నిలబడి ఉంటే ఫొటో తీసుకున్నారు, పేరూ ఊరూ అడిగి రాసుకున్నారు. తెల్లారి పేపర్లో ఆ ఫొటో వచ్చింది, కింద పేరుతో సహా. వార్తలో మూడు వందల మంది విద్యార్థినులు స్నానాల్లేక అల్లాడుతున్నారని రాశారు. మేమున్నది 112 మందిమి. మొదట సంబరపడ్డాం. మూడో రోజు ఆ అమ్మాయి వాళ్ళ నాయిన వచ్చాడు. ఊళ్ళో అందరూ పేపరు చూపించి ఎగతాళి చేస్తున్నారట. పెట్టె సర్దించి తీసుకుపోయాడు. ఆమె మళ్ళీ రాలేదు. మాలో అందరికన్నా బాగా చదివేది ఆమే.

రెండో సంవత్సరంలో మా సారు, మీరుండే చోటు గురించి ఒక వార్త రాసుకు రమ్మన్నారు. అప్పటికీ నీళ్ళ బాధ తీరలేదు. నేను ఆవేశంగా రెండు పేజీలు నింపాను. అధికారుల నిర్లక్ష్యం, వార్డెన్ పట్టించుకోకపోవడం, పేద విద్యార్థినుల కన్నీళ్ళు, అన్నీ రాశాను. సారు మెచ్చుకుంటారనుకున్నాను. కాగితం తిరిగి వచ్చేసరికి మార్జిన్లో ఎర్ర సిరాతో ఐదు ప్రశ్నలున్నాయి. ఎంతమంది? ఎన్ని రోజులుగా? నీకెవరు చెప్పారు? ఎందుకు రావడం లేదు? వార్డెన్‌ను అడిగావా?

నాకు కోపం వచ్చింది. ఆ ఇబ్బంది పడేది నేను, నన్నే అడుగుతారా అనుకున్నాను. కానీ మార్కులు కావాలి కదా. నోటు పుస్తకం పట్టుకుని తిరిగాను. బాత్రూములు 9. నీళ్ళు వచ్చే నల్లాలు 4. ట్యాంకరు వారానికి రెండుసార్లు. మోటారు చెడిపోయి 41 రోజులు. ఇవన్నీ నాకు తెలుసనే అనుకున్నాను. లెక్కపెట్టేదాకా ఒక్కటీ తెలియదు.

చివరికి భయపడుతూనే వార్డెన్ మేడం దగ్గరికి పోయాను. ఆమె కసరలేదు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి ముందు పెట్టారు. మోటారు కోసం పై ఆఫీసుకు ఆమె రాసిన ఉత్తరాలు మూడున్నాయి, తేదీలతో సహా. ఒక్కదానికీ జవాబు లేదు. రెండు ట్యాంకర్లకు ఆమె సొంత డబ్బు కట్టిన రసీదులు కూడా ఉన్నాయి. నా రెండు పేజీల్లో నేను దోషిగా నిలబెట్టింది ఆమెనే! ఆ కాగితం అచ్చయి ఉంటే నా చేతుల మీదుగా ఒక అన్యాయం జరిగి ఉండేది.

తరువాత అందరం కలిసి పై ఆఫీసుకు అర్జీ రాశాం. వార్త రాసే పద్ధతిలోనే రాశాం. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి, వివరాలు తరువాత రావాలి. దీన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. పేపర్లో చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కిందినుంచి కోస్తాడు కాబట్టి అసలు విషయం పైనే ఉండాలి. ఆఫీసర్లు కూడా అర్జీలో మొదటి నాలుగు వరుసలే చదువుతారని మాకు అర్థమైంది. అంతకుముందు రాసిన అర్జీలు "మేము మిక్కిలి పేదవారము" అని మొదలయ్యేవి. ఈసారి "112 మందికి 4 నల్లాలు, 41 రోజులుగా మోటారు లేదు" అని మొదలుపెట్టాం. మూడో వారంలో మోటారు వచ్చింది. నీళ్ళ బాధ పూర్తిగా పోలేదు. తెల్లవారుజామున బకెట్ల కొట్లాట మాత్రం తగ్గింది.

చెల్లెళ్ళారా, ఈ దారి మన పెద్దలు వేసినదే. డాక్టర్ అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. మూగవాళ్ళ నాయకుడని దాని అర్థం. భాగ్యరెడ్డి వర్మ 1931లో హైదరాబాదు నుంచి 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. పి.ఆర్. వెంకటస్వామి గారు హైదరాబాదు రాష్ట్రంలో దళితుల సభలు, సంఘాలు, వాటిలోని తగాదాలు కూడా దాచకుండా 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అనే పుస్తకంగా రాశారు. అది 1955లో మన సికింద్రాబాదులోనే అచ్చయింది. ఆయన ఆ ఉద్యమంలో ఉన్న మనిషి. చూసింది చూసినట్టు రాసి పెట్టారు కాబట్టే ఆ చరిత్ర ఇవాళ మన చేతికి అందింది.

పెద్ద పత్రికలున్నాయి కదా, వాళ్ళు రాస్తారులే అనుకోవచ్చు. 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 పత్రికలు, చానళ్ళలో నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు సేకరించారు. వారిలో ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. మన దగ్గర హాస్టల్ వార్త తెచ్చే కంట్రిబ్యూటరుకేమో నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి నాలుగు రూపాయలు వస్తాయి. ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయిన ఆయన మీద నాకు ఇప్పుడు అప్పటంత కోపం లేదు. కానీ మన సంగతి నిదానంగా కనుక్కుని రాయాలంటే ఇక్కడే ఉండే మనవల్లే అవుతుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి 'సంఘం రేడియో' నడిపారు. చదువు అంతగా లేని వాళ్ళకే అది సాధ్యమైతే డిగ్రీ చదివే మనకెందుకు కాదు?

ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి, వీడియో తీసి పెడితే చాలదా అని ఒక చెల్లి అడిగింది. పురుగుల అన్నం వీడియో ఐదు నిమిషాల్లో ఊరంతా తిరుగుతుంది, నిజమే. అది ఏ రోజుది, ఏ హాస్టల్‌ది, ఎంతమంది తిన్నారు, బియ్యం ఎక్కడినుంచి వచ్చాయి అనేది వీడియో చెప్పదు. రేపు అది అబద్ధమని ఎవరైనా అంటే మన దగ్గర జవాబుండదు. పైగా ఆ ఫొటో నా గది అమ్మాయికి చేసిన కీడు మన ఫోను కూడా ఇంకో అమ్మాయికి చేయగలదు.

లెక్క తెలిస్తే మాట గట్టిపడుతుంది. 2024 నవంబరులో ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచింది. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్ళకు నెలకు 1100 నుంచి 1540 రూపాయలు, ఇంటర్ నుంచి పి.జి. వాళ్ళకు 1500 నుంచి 2100 అయింది. అంటే మనకు రోజుకు 70 రూపాయలు. దానికి తగ్గట్టు మెనూ ఉందా, బిల్లులు ఎప్పుడొస్తున్నాయి అని మర్యాదగా అడగవచ్చు. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కాగితం జతచేస్తే దరఖాస్తు రుసుము కూడా ఉండదు.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఈ సంవత్సరం నుంచి ప్రతి శనివారం నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం వార్తలు పెట్టండి. నలుగురు చాలు. మూడు నియమాలు పెట్టుకోండి. ఇద్దరు చెప్పనిదే ఏదీ రాయవద్దు. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ళ మాట కూడా రాయాలి. అడగకుండా ఎవరి పేరూ, ఫొటో వేయవద్దు. పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో దాచండి. వచ్చే సంచికకు అదే మంచి వ్యాసమవుతుంది. నేర్పించడానికి ఆదివారాలు నేను వస్తాను.

ఈ వ్యాసం రాసేముందు నా గది అమ్మాయికి ఫోన్ చేశాను. నీ సంగతి రాయనా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పేరు వద్దు, ఊరు వద్దు. నీళ్ళ ముచ్చట మాత్రం రాయి" అన్నది. అలాగే రాశాను.

— ఒక పూర్వ విద్యార్థిని,
ఎం.ఎ. (జర్నలిజం)