తెరపై ఔచిత్యము

పదవ తరగతి ఫలితములు వెలువడు దినమున మన యిండ్లలో జరుగు తంతు ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ప్రకటించిన వేళకు బాలుడు చేతిఫోనులో హాల్‌టికెట్టు సంఖ్య నమోదు చేయును. తెరమధ్య చిన్న చక్రమొకటి తిరుగును. తిరిగి తిరిగి ఆగిపోవును. సర్వరు అందుటలేదని ఆంగ్లమున నొక పంక్తి కనబడును. మరల మొదటినుండి ఆరంభము. ఆ చక్రము తిరుగునంతసేపు పదునైదేండ్ల ప్రాణము ఎట్లు కొట్టుకొనునో ఆ పుటను నిర్మించినవారు ఒక్క క్షణము తలచియున్నచో, అక్కడ "ఒకేసారి చాలమంది చూచుచున్నారు, మీ ఫలితము భద్రముగా నున్నది, కొంచెము ఆగి మరల చూడుడు" అని రెండు ముక్కలు వ్రాసియుండెడివారు. దానికి కానీ ఖర్చు లేదు. అయినను అట్టి మాట తెరపై కనబడుట అరుదు.

మా తరమువారు ఫలితములను దినపత్రికలో చూచుకొనిరి. ఉత్తీర్ణుల సంఖ్యలు మాత్రమే అచ్చుపడెడివి. సంఖ్య లేనివానితో పత్రిక ఏమియు చెప్పెడిది కాదు. ఆ మౌనము కఠినమే. కాని ఆ పత్రిక గ్రంథాలయపు బల్లపైననో, కాఫీహోటలు అరుగుపైననో ఉండెడిది, చుట్టును నలుగురుండెడివారు. "అచ్చుతప్పేమోరా, రేపటి పత్రిక చూతము" అని భుజముపై చేయి వేయువా డొకడుండెడివాడు. అది అచ్చుతప్పు కాదని అందరికిని తెలియును. అయినను ఆ మాటతో ఒక రాత్రి గడచెడిది. నేడు బాలుడు గది తలుపు వేసికొని ఒంటరిగా తెరను చూచుచున్నాడు. నాడు నలుగురు మనుష్యులు చేసిన పనిలో కొంతయైనను నేడు ఆ తెరయే చేయవలసియున్నది.

తెరకు హృదయమేమిటి అని నవ్వువారుందురు. తెరకు లేదు, దానిని చూచువానికి కలదు. యంత్రనిర్మాతలు ఈ సంగతిని గుర్తించుట యిటీవలనే జరిగినది. 1995లో జపానుదేశమున మసాకి కురోసు, కవోరి కషిమురా అను నిరువురు పరిశోధకులు ఏ.టి.ఎం. తెరపై మీటల అమరికలను 26 విధములుగా గీసి 252 మందికి చూపిరి. ఏది అందముగా నున్నది, ఏది వాడుటకు సులువుగా తోచుచున్నది అని అడిగిరి. అందముగా తోచినదే సులువుగను తోచెనట. ఇజ్రాయేలు పరిశోధకుడు నోవమ్ ట్రాక్టిన్‌స్కీకి దీనిపై నమ్మిక కుదరలేదు. ఇది జపానీయుల సౌందర్యాభిమానమువలన కలిగినది కాబోలునని తలచి, తన దేశమున మరల పరీక్షించెను. అక్కడ ఆ సంబంధము మరింత గట్టిగా కనబడెను! అమెరికా పండితుడు డొనాల్డ్ నార్మన్ 1988లో నిత్యోపయోగ వస్తువులను గూర్చి ప్రసిద్ధగ్రంథము వ్రాసియు, అందు భావమును లెక్కలోనికి తీసికొనలేదని తానే యొప్పుకొని, 2004లో 'ఎమోషనల్ డిజైన్' అను వేరొక గ్రంథము వెలువరించెను. ఆయన చెప్పిన కారణము మన బడిపంతులుకు కొత్త కాదు. భయపడిన మనస్సు ఇరుకగును; మూసియున్న తలుపునే మరింత బలముగా నెట్టును. నెమ్మదించిన మనస్సు వేరు దారి వెదకును. బెత్తము చూడగానే వచ్చిన ఎక్కమే మరచిపోవు పిల్లవానిని మనమందరము ఎరుగుదుము. తెర బిగుసుకొనగానే అదే మీటను పదిమారులు నొక్కువాడును వాడే.

ఇదంతయు భరతుడు నాట్యశాస్త్రమున ఎన్నడో చెప్పినాడని తృప్తిపడుట మన సాహిత్యవేత్తలకు సులభము. ఆ తొందర వలదందుము. రంగస్థలమున భయము భయానకరసమై ఆనందమిచ్చుటకు కారణము, ఆ ఆపద తనది కాదని ప్రేక్షకు డెరిగియుండుటయే. ఫలితములు చూచు బాలుని భయము అట్టిది కాదు. మార్కులు వానివి, డబ్బు చెల్లించువాని డబ్బు వానిది. అది కేవలము లౌకికభయము, అందు ఆస్వాదమునకు చోటు లేదు. కావున మన అలంకారశాస్త్రమునుండి ఈ విషయమున తెచ్చుకొనదగినది రసముకంటె ఔచిత్యము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీర క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణముగా నెంచినది దానినే. ఆసుపత్రిలో బిల్లు కట్టుచున్న కొడుకు చేతిలో చెల్లింపుయాప్ ఉల్లాసముగా మ్రోగి, గీకి చూచుకొనుమని బహుమానపు కార్డు చూపుట మనము కన్నదే. దానిని తీర్చినవాడు దుర్మార్గుడు కాడు. మనుష్యులు సంతోషముగా నున్నప్పుడే డబ్బు చెల్లింతురని తలచిన అమాయకుడు.

తెలియక చేసిన అనౌచిత్యమును దిద్దవచ్చును. తెలిసి చేయునది వేరు. 2012 జనవరిలో ఒక వారముపాటు ఫేస్‌బుక్ సంస్థ 6,89,003 మంది చూచు వార్తలలో కొందరికి సంతోషపు మాటలను, కొందరికి విచారపు మాటలను తగ్గించి, వారి వ్రాతలలో కలుగు మార్పును లెక్కించెను. కనబడిన మార్పు అత్యల్పమే. కాని మీ మనస్సుపై ప్రయోగము చేయుచున్నామని వారికి ముందుగా ఎవ్వరును చెప్పలేదు. 2014లో ఆ పరిశోధన ప్రకటితమైన పిదపనే లోకమునకు తెలిసినది. ఇక అంగడి యాపులలో "ఒక్కటే మిగిలినది" అను దొంగతొందర యొకటి. బీమా వలదన్నవానిచే "నేను రక్షణ లేకయే యుందును" అని ఒప్పించి సిగ్గుపడజేయుట మరియొకటి. ఇట్టి మాయోపాయములను 'డార్క్ ప్యాటర్న్స్' అందురు. వీనిలో 13 రకములను పేర్కొని, వానిని నిషేధించుచు మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. మన కళాశాల విద్యార్థులలో ఎందరికి వీని సంగతి తెలియునో! 2014లో వాట్సాప్‌లో వచ్చిన నీలిగుర్తులను చూచి, చదివియు బదులీయలేదని మిత్రునిపై అలుగుట మాత్రము అందరికిని తెలియును.

మరల ఫలితముల పుటకు వత్తము. తప్పినవానికి అందు కనబడునది పట్టిక చివర ఒక్క ఆంగ్లపదము. ఆ బాలుడు అయిదు విషయములలో నెగ్గి గణితమున మాత్రమే ఓడియుండవచ్చును. "అయిదు విషయములలో ఉత్తీర్ణులైతిరి; గణితము మరల వ్రాయవలసియున్నది" అనినచో సత్యము లోపించునా? ఆ క్రిందనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టు గడువు ఉండవలెను. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ మానసికారోగ్య సేవాసంఖ్య 14416, నొక్కగానే పిలుపు పోవునట్లు, పెద్ద అక్షరములలో ఉండవలెను. ఏటేట ఫలితముల మరునాడు పత్రికలలో మనము చదువు వార్తలను తలచుకొనినవారికి ఇది అలంకారముగా తోచదు.

భాష విషయమున తెలుగువారికి ఒక సౌకర్యము కలదు. కర్తను చెప్పకయే వాక్యము నడపగలము. "మీరు ఓ.టి.పి. తప్పుగా నమోదు చేసినారు" అనుటకును, "ఓ.టి.పి. సరిపోలేదు" అనుటకును ఎంత దూరము! మొదటిది ముద్దాయిని నిలబెట్టును. రెండవది పని సంగతి చెప్పును. తొలిసారి ఫోను పట్టిన ముదుసలి మొదటి వాక్యము చదివి, ఏదో పాడుచేసితినని భయపడి మనుమని పిలుచును. విద్యార్థిని నీవనవలెనా, మీరనవలెనా అను సంశయముకూడ కలదు. నీవనుటలో ఆప్యాయత యున్నదని కొందరందురు. గురువునకు ఆ చనువు చెల్లును, తల్లికి చెల్లును. యంత్రము ఆ చనువును సంపాదించుకొనలేదు. మీరనుటయే మేలని మా అభిప్రాయము.

తెలుగు ఉపాధ్యాయులు లేఖారచన పాఠమున ఒక గంట దీనికి కేటాయింపగలరు. సెలవుచీటీలు వ్రాయించి వ్రాయించి మనకును విసుగు పుట్టినది. పరీక్ష తప్పిన తోటివానికి తెరపై చూపవలసిన మూడు వాక్యములను పదవ తరగతి పిల్లలచే వ్రాయించి, బాగుగా నున్నవానిని ఏరి, ప్రధానోపాధ్యాయుని సంతకముతో పరీక్షల కార్యాలయమునకు పంపుడు. మార్చిలో పరీక్షలు మొదలగులోగా అవి అచటికి చేరవలెను.