పొరుగూరు వెళ్ళి ఆడే ఆట

డిగ్రీ కళాశాల ఆడపిల్లల వాలీబాల్ జట్టు ఏడాదికి ఎన్ని ఆటలు ఆడుతుంది? ఈ ప్రశ్న చాలా చోట్ల ఎవరూ వేసుకోరు. సమాధానం చెప్పుకోవడానికే చిన్నతనంగా ఉంటుంది. విశ్వవిద్యాలయం పరిధిలో అంతర కళాశాలల పోటీల తేదీలు ప్రకటిస్తారు. ఆ కాగితం చేతికి అందాక కళాశాలలో వల దులిపి కడతారు. పది పదిహేను రోజులు సాధన చేయిస్తారు. పోటీలు సాధారణంగా నాకౌట్ పద్ధతిలో మొదలవుతాయి గనుక, తొలి ఆటలో ఓడిన జట్టు అదే సాయంత్రం తిరుగు బస్సు ఎక్కుతుంది. పన్నెండు మంది పిల్లలు, వెంట ఒక వ్యాయామోపాధ్యాయుడు, గంటన్నర ఆట. ఆ ఏటికి ఆ జట్టు సీజను ముగిసినట్టే. మళ్ళీ ఏడాదికి అందులో సగం మంది చదువు ముగించుకుని వెళ్ళిపోతారు, కొందరికి పెళ్ళిళ్ళవుతాయి.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాలీబాల్ మన పల్లెలకు కొత్త ఆట కాదు. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి, పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పున చదును చేసిన నేల ఉంటే చాలు. కోతలయ్యాక కళ్ళం చేసిన చోట, బడి వెనుక ఖాళీ స్థలంలో, చెరువు గట్టు దిగువన ఈ ఆట సాగని ఊరు అరుదు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ జట్లు వచ్చి ఆడతాయి, బహుమతులు కట్టేవారూ ముందుకొస్తారు. అయితే ఆడేది మగపిల్లలు. ఆడపిల్లలు అరుగుల మీద నుంచి చూస్తారు. నియమాల ప్రకారం మగవారి వల ఎత్తు 2.43 మీటర్లు, ఆడవారి వల ఎత్తు 2.24 మీటర్లు. ఆట పుస్తకం వారిద్దరి మధ్య పెట్టిన తేడా పందొమ్మిది సెంటీమీటర్లు మాత్రమే. మిగిలిన తేడా అంతా ఊరు పెట్టిందే.

ఇదే ఆటను, ఇదే వయసు ఆడపిల్లలు, మరొక వ్యవసాయ ప్రాంతంలో ఎలా ఆడుతున్నారో తెలుసుకోవడం మంచిది. అమెరికా నడిబొడ్డున నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉంది. జనాభా దాదాపు ఇరవై లక్షలు. మొక్కజొన్న, పశువులు అక్కడి బతుకుతెరువు. లింకన్ పట్టణంలోని విశ్వవిద్యాలయం జట్లకు ‘కార్న్‌హస్కర్స్’ అని పేరు, అంటే మొక్కజొన్న కండెలు ఒలిచేవాళ్ళు. రైతుబిడ్డలమని చెప్పుకోవడానికి వారికి నామోషీ లేదు. ఆ విశ్వవిద్యాలయ ఆడపిల్లల వాలీబాల్ జట్టు 2023 ఆగస్టు 30న ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడింది. పొరుగునే ఉన్న ఒమాహా జట్టుతో ఆట. చూడవచ్చినవారు 92,003 మంది. అంతకు ముందు సంవత్సరం స్పెయిన్‌లోని బార్సిలోనాలో మహిళల ఫుట్‌బాల్ ఆటకు వచ్చిన 91,648 మందిని మించిన సంఖ్య ఇది. అంతా ఆ రాష్ట్రం వారే అనుకుంటే, ఇంచుమించు ఇరవై ఒక్కమందికి ఒకరు చొప్పున ఆ సాయంత్రం అక్కడ ఉన్నట్టు లెక్క. నెబ్రాస్కా అమ్మాయిలు మూడు సెట్లూ వరుసగా గెలిచారు.

ఇది ఒక్క రోజు జాతర కాదు. 2001 నుంచి ఆ జట్టు సొంత ఊళ్ళో ఆడే సీజను ఆటలన్నింటికీ టిక్కెట్లు పూర్తిగా అమ్ముడవుతూ వచ్చాయి. ఆట చూడలేనివారు రేడియోలో వ్యాఖ్యానం వింటారు. టెర్రీ పెటిట్ అనే శిక్షకుడు 1977 నుంచి 1999 వరకు, ఆయన తరువాత జాన్ కుక్ 2024 వరకు జట్టును నడిపారు. దాదాపు యాభై ఏళ్ళలో ఇద్దరే శిక్షకులు! మన కళాశాలల్లో వ్యాయామోపాధ్యాయుడి పోస్టు ఒక్కొక్కచోట ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుందో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. ఆ జట్టు అయిదుసార్లు (1995, 2000, 2006, 2015, 2017) జాతీయ విజేతగా నిలిచింది. హూపర్ అనే ఊరి నుంచి, అంటే వెయ్యిమంది కూడా లేని పల్లె నుంచి వచ్చిన జోర్డన్ లార్సన్ ఆ జట్టులో ఆడి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకు మహిళల వాలీబాల్‌లో తొలి స్వర్ణ పతకం తెచ్చిన జట్టుకు నాయకత్వం వహించింది.

అక్కడా ఇదంతా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రభుత్వ ధనం పుచ్చుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపరాదని 1972లో చట్టం చేశారు. దానికి ముందు, చేసిన తరువాత కూడా కొన్నేళ్ళ వరకు, తినుబండారాలు చేసి అమ్మి ప్రయాణ ఖర్చులు కూడబెట్టుకున్న ఆడపిల్లల జట్లు అమెరికాలో చాలానే ఉన్నాయి. ఆడపిల్లల వాలీబాల్‌కు జాతీయ కళాశాల క్రీడా సంస్థ మొదటి పోటీ పెట్టింది 1981లో. చట్టం ఒక్కటే సరిపోలేదు, డబ్బు కేటాయించవలసి వచ్చింది, జనం అలవాటు పడవలసి వచ్చింది.

మన పిల్లలకూ వారికీ ప్రధానమైన తేడా పతకాలలో లేదు, ఆటల సంఖ్యలో ఉంది. అక్కడ సీజను ఆగస్టు చివర మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒక కూటమిగా ఏర్పడి, తమలో తాము ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడుకుంటాయి. నెబ్రాస్కా ఉన్న ‘బిగ్ టెన్’ కూటమిలో ఒక్కొక్క జట్టు ఇరవై ఆటలు ఆడుతుంది. సగం సొంత ఊళ్ళో, సగం పొరుగూళ్ళలో. కూటమి బయటి ఆటలు మరో పది. ఒక ఆట ఓడితే కథ ముగియదు. వచ్చే శుక్రవారం మరో ఊరు, మరో ఆట. ఓడిన ఆటలో చేసిన పొరపాటు దిద్దుకోవడానికి అవకాశం ఉంటుంది. పొరుగూరిలో ఆడడమంటే ఎదుటివారి జనం కేకల మధ్య, అలవాటు లేని వెలుతురులో, ప్రయాణపు బడలికతో సర్వీసు చేయడం. గట్టిపడేది అక్కడే. 2025 సీజనులో నెబ్రాస్కా జట్టు ముప్ఫయి ఆటలాడి ముప్ఫయీ గెలిచింది. ఎక్కడికి వెళ్ళినా ఓడలేదు. చివరకు డిసెంబరు 14న సొంత ఊళ్ళో, సొంత జనం ముందే టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టు చేతిలో అయిదు సెట్ల ఆటలో ఓడింది. అలా పొరుగూరు వచ్చి గెలిచిన టెక్సాస్ అమ్మాయిలే వారం తిరిగేసరికి దేశ విజేతలయ్యారు.

అక్కడి పద్ధతి అంతా అనుసరించదగినదేనని ఎవరూ అనుకోనక్కరలేదు. 2024 ఆగస్టులో పడమటి తీరంలోని నాలుగు విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌లో చేరాయి. పేరులో పది ఉన్నా సభ్యులు పద్దెనిమిది అయ్యారు. దీనికి కారణం వాలీబాల్ కాదు, మగవారి ఫుట్‌బాల్ ఆటల టెలివిజన్ ప్రసారాల డబ్బు. ఫలితంగా సియాటిల్‌లో చదివే అమ్మాయి న్యూజెర్సీ వెళ్ళి ఆడాలంటే దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి, గడియారం మూడు గంటలు ముందుకు తిప్పుకోవాలి. కాశ్మీరం నుంచి కన్యాకుమారికి ఉన్న దూరం కంటే అది ఎక్కువ. అంతా ముగించుకుని సోమవారం తరగతిలో కూర్చోవాలి. మగవారి ఆట సంపాదన కోసం గీసిన పటంలో ఆడపిల్లలు తిరగవలసి రావడం న్యాయమని చెప్పలేము. కూటమి అంటే అసలు అర్థం ఇరుగుపొరుగు. ఆ అర్థాన్ని వారు పోగొట్టుకుంటున్నారు.

మనకు మాత్రం ఆ ఇరుగుపొరుగు చేతిలోనే ఉంది. ఒక డివిజనులో, లేదా పక్కపక్కన ఉన్న రెండు డివిజన్లలో, ఆడపిల్లలు చదివే కళాశాలలు అయిదారు చూసి కూర్చితే ఒక కూటమి అవుతుంది. ఆరు జట్లు ఒకరి ఊరికి ఒకరు రెండు పర్యాయాలుగా ఆడితే ఒక్కొక్క జట్టుకు పది ఆటలు వస్తాయి. అయిదు ఇంటి దగ్గర, అయిదు పొరుగూళ్ళో. దూరం ముప్ఫయి, నలభై కిలోమీటర్లకు మించదు. శనివారం వెళ్ళి శనివారమే రావచ్చు. బస పెట్టే పని లేదు. నాకౌట్ పోటీలకు వెళ్ళేనాటికి ఈ పిల్లలు అప్పటికే పది ఆటలాడినవారై ఉంటారు. విశ్వవిద్యాలయం జట్టుకు, అక్కడి నుంచి దక్షిణ మండల పోటీలకు ఎంపిక చేసేవారు కూడా ఒక్క ఉదయం చూసి తేల్చే అవస్థ తప్పుతుంది.

ఖర్చు మాట వస్తుంది. ఇంతకాలం మొదటి అడ్డంకి బస్సు టిక్కెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపితే చాలు. పన్నెండు మంది ఆడపిల్లలు పొరుగూరు వెళ్ళి రావడానికి ఇప్పుడు కళాశాల ఇవ్వవలసింది వెంట వెళ్ళే మాస్టారి ఛార్జీ మాత్రమే. ఈ పథకం మీద పట్టణాల్లో ఎన్ని వాదాలు జరిగినా, ఇలాంటి వినియోగం ఒకటి ఉందని ఎవరికీ తట్టినట్టు లేదు. రాష్ట్రం దాటి వెళ్ళే జట్ల సంగతి వేరు. రైలు ప్రయాణంలో క్రీడాకారులకుండిన రాయితీ 2020 మార్చిలో కరోనా సమయంలో ఆగిన వాటిలో ఒకటి. దాని కోసం అడగవలసిన చోటు ఢిల్లీ. జిల్లాలో జరగవలసిన పని ఢిల్లీ కోసం ఆగనవసరం లేదు.

మిగిలేవి మధ్యాహ్న భోజనం, బంతులు, బూట్లు. వీటికి విద్యార్థుల దగ్గర ఆటల రుసుము వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ డబ్బు ఏటా ఎంత వచ్చింది, ఆడపిల్లల మీద ఎంత ఖర్చయింది అన్నది కళాశాల నోటీసు బోర్డు మీద పెడితే సగం వివాదం తీరుతుంది. ఖర్చు ముందు పిల్లలు పెట్టుకుంటే తరువాత బిల్లు మీద ఇస్తామనే పద్ధతి మానాలి. కూలి చేసి చదివించే ఇంటి పిల్ల ఆ మాటతోనే జట్టు నుంచి తప్పుకుంటుంది.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం తగదు. ఆడపిల్ల పొద్దుపోయాక ఇంటికి చేరడం, తెలియని ఊళ్ళో మగవారి గుంపు మధ్య ఆడడం, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది లేకపోవడం అన్నీ నిజమైన ఇబ్బందులే. వీటికి ఉపన్యాసం జవాబు కాదు. జట్టు వెంట ఒక మహిళా అధ్యాపకురాలు వెళ్ళాలి. ఆతిథ్యమిచ్చే కళాశాల ఒక గది, నీళ్ళున్న మరుగుదొడ్డి ముందుగా చూపించాలి. తల్లుల్లో ఎవరైనా వెంట వస్తామంటే రానివ్వాలి, వారికీ బస్సు ఉచితమే కదా. కుర్రాళ్ళ కేకల సంగతి ఆ ఊరి పెద్దలు చూసుకోవాలి. సంక్రాంతి పందేలలో గలాటా జరగకుండా అదుపు చేయగలిగినవారికి ఇదొక లెక్క కాదు. తమ ఊరి ఆడపిల్లలు అవతలి ఊళ్ళో అలాగే ఆడబోతున్నారన్న ఎరుక ఉంటే చాలు.

కాలం కూడా చూసి నిర్ణయించాలి. వానలు వెనకపట్టాక, సెమిస్టరు పరీక్షల తేదీలు చూసుకుని, నాట్లు, కోతలు ముమ్మరంగా ఉండే వారాలు వదిలి పట్టిక వేయాలి. ఆ రోజుల్లో ఈ పిల్లలలో చాలామంది పొలంలో ఉంటారు. ప్రిన్సిపాళ్ళు, వ్యాయామోపాధ్యాయులు ఒక పూట కూర్చుంటే ఈ పట్టిక తయారవుతుంది. ఆర్టీసీ డిపో మేనేజరును కూడా పిలిస్తే మేలు. ఆట మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెడితే అయిదు సెట్లు జరిగినా నాలుగున్నరకు ముగుస్తుంది. ఆరు గంటల బస్సుకు పిల్లలు స్టాండులో ఉండవచ్చు.