తోటకు తల్లి చెరువు

పుదుచ్చేరి పట్టణపు ఉత్తరభాగమున సముద్రమునకు ఆనుకొనియున్న జాలరిపల్లె వైతికుప్పము. తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రమునాడు చుట్టుపట్ల ఊళ్ళ దేవతామూర్తులు ఊరేగింపుగా ఈ తీరమునకే తరలివచ్చి తీర్థవారి అను సముద్రస్నానము జరుపుకొనును. మిగిలిన దినములలో ఈ పల్లె తెల్లవారకముందే మేల్కొని, పడవలను నీటిలోనికి త్రోయుచు, చినిగిన వలలను అల్లుకొనుచు, తన పని తాను చూచుకొనుచుండును. మూడేండ్ల క్రిందట ఇచ్చట ఒక చిన్న అద్దెయింట చేరిన నేను, పెరడున్నచోట చెట్టు లేకుండుట గోదావరి మనిషికి సయించదు గనుక, ఒక కరివేపాకు మొక్కను, రెండు అరటిపిలకలను నాటితిని. నెల తిరుగకముందే ఆకుల అంచులు సెగ తగిలినట్లు మాడిపోయినవి. పొరుగున చేపలమ్ముకొను పెద్దామె వచ్చి, మా బోరునీటిని దోసిట పట్టి, నాలుకకు తాకించి చూచి, "తప్పు మొక్కది కాదయ్యా, ఉప్పునీళ్ళది" అన్నది. ఆ మాటతో నాకు మా తాతగారి తోట కన్నుల గట్టినది.

మా తాతగారి ఊరు గౌతమీతీరమున, యానామునకు దాపున ఉన్నది. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, వందల కిలోమీటర్ల దూరమున నున్న పుదుచ్చేరితో నేటికిని ఒకే పాలనలో కొనసాగుచున్న తెలుగు పట్టణమది. తాతగారి ఊర మా యింటివెనుక ఇరువది సెంట్ల చెరువు, చెరువుగట్టున కొబ్బరిచెట్లు, గట్టుకు దిగువన ఆనప, బీర, వంగ పాదులు, వానికావల మామిడి, జామ, సపోటా, పనస చెట్లు వరుసదీరి యుండెడివి. ప్రతి ఉదయమును తాతగారు మెట్లు దిగి, కుడిచేతిని మోచేతివరకు నీటిలో ముంచి, అరచేతివంక చూచెడివారు. మోచేయి మునుగువేళకు అరచేయి కనుమరుగైనచో నీటిలో చేపల మేత సమృద్ధిగా ఉన్నదని అర్థము. గీతలతో సహా కనబడినచో ఆనాడు చెరువులో ఒక గంప పేడ అదనముగా పడును. ముంజేయి సగము మునుగకముందే మరుగైనచో నాలుగు దినములు పేడ మానవలెను. ఆయన బడికి పోయి చదివిన శాస్త్రమేదియు లేదు. ఆ చేయియే ఆయనకు కొలబద్ద.

ఆ చెరువు మూడంతస్తుల మేడవంటిది. పైనీట బొచ్చె, నడిమినీట శీలావతి, అడుగున మోసు, దేని మేత దానిదై, ఒకదాని పంక్తికి మరియొకటి రాక పెరుగుచుండెడివి. గట్టుమీది గడ్డి ఆవునకు, ఆవుపేడ చెరువునకు, చెరువునీరు పాదులకు, పాదుల తరుగు తిరిగి ఆవునకు పోవుచుండెడిది. మబ్బుపట్టిన తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు నోళ్ళు తెరచి పైకి తేలినపుడు, ఇంటిల్లిపాదియు లేచి, బిందెలతో నీరు ముంచి ఎత్తునుండి తిరిగి చెరువులోనే కుమ్మరించెడివారము. వేసవిలో చేపలను పట్టి చెరువును ఎండబెట్టి, అడుగున పేరుకొనిన నల్లని పూడికమట్టిని తవ్వి, కొబ్బరిచెట్ల మొదళ్ళకును మామిడిపాదులకును మోసెడివారు. మట్టి పోసిన మరుసటేట చెట్ల కాపులోని తేడాను చూచియే కాబోలు, మా నాయనమ్మ "తోటకు తల్లి చెరువే" అనెడిది.

చేపను, చెట్టును, నీటిని కలిపి చూచుట మన పెద్దలకు క్రొత్త కాదు. పుత్రుడు, ప్రబంధము, దేవాలయము, అగ్రహారము, ధననిక్షేపములతో పాటు తటాకమును, వనమును కూడ సప్తసంతానములలో లెక్కించిన జాతి మనది. చెరువును తవ్వించుట, తోటను నాటించుట బిడ్డను కనుటతో సమానమని వారెంచుటలో పుణ్యకాంక్షయే గాక లోతైన లోకజ్ఞానమును ఉన్నది. ఏలయన బిడ్డవలెనే ఇవియు దినదినమును ఆలనాపాలనలను కోరును. కడపజిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు తవ్వించిన ఆ మహాతటాకమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిరని చెప్పుటతో తృప్తిపడక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువును చెరచు ఆరు దోషములను ఆ శాసనము విప్పి చెప్పినది. ఆ దోషములలో చౌటినేల యొకటి; ఇద్దరు రాజుల సరిహద్దున చెరువు పడుట మరియొకటి. మొదటి దోషమును వైతికుప్పపు పెరటిలో నేను కంటితో చూచితిని. రెండవదే నేడు మన పల్లెలను ఎక్కువగా బాధించుచున్నదని నా దృఢమైన అభిప్రాయము.

రాజులు పోయిరి గాని సరిహద్దులు పోలేదు. చేపపిల్లలు కావలెనన్న రైతు మత్స్యశాఖకు, అంటుమామిడి కావలెనన్న ఉద్యానశాఖకు, కుంట తవ్వుకొనవలెనన్న ఉపాధి పనుల అధికారికి, ఊరిచెరువు పూడిక తెచ్చుకొనవలెనన్న జలవనరుల శాఖకు మొరపెట్టుకొనవలెను. ఒక్కొక్క శాఖయు తన పథకమును చిత్తశుద్ధితోనే నడపవచ్చును. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన వంటివి ఎందరికో మేలుచేసియు ఉండవచ్చును. కాని చేప చేపగా, చెట్టు చెట్టుగా, నీరు నీరుగా లెక్కకు వచ్చినపుడు, ఆ మూటిని కట్టియుంచిన కుటుంబము ఏ లెక్కలోనికిని రాదు.

అట్లు విడదీసిన దాని ఫలితము కొల్లేటి కథలో ఉన్నది. 1957 జులై 10న ఒడిశాలో మత్స్యశాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌదురి ప్రేరిత ప్రజననము ద్వారా చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడైనాడు. అంతకుముందు నదుల వరదనీటిలో ఏరుకొనవలసి వచ్చిన చేపపిల్లలు ఆపైన రైతుకు కోరినపుడు దొరకసాగినవి. దేశమంతయు ఆ దినమును మత్స్యరైతుల దినోత్సవముగా జరుపుకొనుట ఎంతయు యుక్తము. అయితే ఆ విద్య పెరటిని దాటి, పేడగంపను, కొబ్బరిగట్టును, కూరపాదును విడిచి, ఒంటరి వ్యాపారమై విస్తరించినపుడు, కృష్ణా గోదావరుల నడుమ నున్న ఆ మహాసరస్సు గర్భములోనికే చెరువుగట్లు చొచ్చుకొనిపోయినవి. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటింపవలసివచ్చినది. 2006లో ఆ గట్లను యంత్రములతో పగులగొట్టవలసివచ్చినది. తోటతో కూడిన చెరువు తన హద్దు నెరుగును, ఏలయన దాని నీటికి, మట్టికి వేచియుండు వారు ప్రక్కనే యుందురు. తోటను విడిచిన చెరువునకు ఆ హద్దు లేదు.

ఇరువది సెంట్ల చెరువుతో ఎవడు బాగుపడును, ఆ స్థలమును ఇండ్లస్థలములుగా అమ్మిన వచ్చు సొమ్మెంత, అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు; పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు భూమి నమ్ముకొనిన వారిని తప్పుపట్టు అధికారము నాకు లేదు. కాని లెక్కలో ఒక లోపమున్నది. అమ్మినదే ఆదాయమని మనము వ్రాసికొనుచున్నాము. అమ్మక తినిన కూరను, కొనక సరిపుచ్చుకొనిన ఎరువును, వేసవిలోను ఎండని బావిని, ఆపద్ధనముగా నీటిలో నిలువయున్న చేపలను ఏ చిట్టాలోను వ్రాయుటలేదు. అవి వ్రాసిననాడు ఆ ఇరువది సెంట్ల విలువ మారిపోవును.

చెరువు విలువకు పుదుచ్చేరి పట్టణమునందే సాక్ష్యమున్నది. నగరము నడుమ ఉద్యానములో మూడవ నెపోలియను కాలమున కట్టిన ఆయీమండపము కలదు. దీపకాంతులతో వెలుగుచున్న ఆయి అను వేశ్య భవనమును కోవెల యనుకొని కృష్ణదేవరాయలు చేతులు మోడ్చెననియు, నిజము తెలిసి దానిని కూల్చుమని ఆజ్ఞాపింపగా, ఆమె తన యింటిని తానే కూల్చుకొని ఆ స్థానమున చెరువు తవ్వించెననియు ఇచ్చటివారు చెప్పుదురు. తరువాతి కాలమున ఫ్రెంచివారు పట్టణమునకు మంచినీరు తెచ్చినది ఆ చెరువు ప్రాంతమునుండియే. ఇల్లు కూల్చి చెరువు తవ్విన స్త్రీకి మండపము కట్టిన పట్టణములోనే, చెరువు పూడ్చి ఇల్లు కట్టువారును నేడు కలరు.

నేను కోరునది గొప్ప పథకము కాదు. చెరువును, కూరపాదును, పండ్లచెట్లను కలిపి పెంచు కుటుంబమును ఒకే క్షేత్రముగా గుర్తించి, ఒకే అర్జీతో, ఒకే అధికారి ద్వారా సాయమందింపవలెను. పెరటి చెరువును పూడ్చుటకు ముందు గ్రామపంచాయతీ సమ్మతి తీసికొనవలెను. ఎండకాలమున ఊరిచెరువుల పూడికమట్టి ముందుగా చిన్నతోటలకు చేరవలెను. సముద్రతీరపు ఊళ్ళలో లోతు బోర్లకు మారుగా వాననీటి కుంటలకు చేయూత నీయవలెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు 61 దినములు యంత్రపు పడవలు వేట మానును. సముద్రమంతటి దానికే విశ్రాంతి కావలెనని ఒప్పుకొనిన ప్రభుత్వమునకు, ఏటికొకసారి ఎండి, మట్టి నిచ్చి, మరల నిండు పెరటిచెరువు ధర్మము తెలియని దేమియు కాదు.

పోయిన కార్తికమున వానలు పడినపుడు డాబానీటిని ఒక గొట్టముతో దింపి, పెరటిలో కట్టించిన సిమెంటు తొట్టిలో నిలిపితిని; దోమలు చేరకుండ గుప్పెడు చిన్నచేపలను విడిచితిని. అరటి దక్కలేదు. కరివేపాకు మాత్రము ఆ నీటితో చిగిర్చి నడుమెత్తు అయినది. మొన్న పొరుగింటి పెద్దామె అడుగకయే వచ్చి నాలుగు రెబ్బలు త్రుంచుకొని పోయినది. సాయంకాలము గిన్నెడు చేపలపులుసు తెచ్చి గట్టుమీద పెట్టి, తొట్టిలోనికి వంగి, చేయి ముంచి చూచినది.