అంగడి కట్టిన చాలునా?

ఈ మాసము ఊరగాయలను గూర్చి వ్రాయదలచి కలము పట్టితిమి గాని, మనస్సు మఱొక చోట నున్నది. మా పొరుగింటి యక్కగారి చేతులకు బంగారు గాజులు లేక ఆఱు మాసములైనది. అవి బ్యాంకులో కుదువ నున్నవి. ఆ సొమ్ముతో నామె కుమారుడు, మా రాయదుర్గమునకు కొంత దూరమున నున్న యొక పట్టణమున, క్రొత్తగా కట్టిన అంగళ్ల సముదాయములో మేడపైన నొక దుకాణమును అద్దెకు గైకొనెను. మా యూర జీన్సులును తయారు దుస్తులును కుట్టి బ్రదుకు కుటుంబములు పెక్కులు. ఇచ్చట కుట్టిన నైటీలు, పిల్లల గౌనులు అచ్చటికి గొనిపోయి యమ్మవచ్చునని యాతని యూహ. అంగడి యున్నది, సరకున్నది. మెట్లెక్కి వచ్చువారే లేరు.

“చెల్లీ, నువ్వు నాలుగు పుస్తకాలు చదివినదానివి. ఒకసారి వచ్చి చూసి, వాడేం తప్పు చేసినాడో చెప్పు” అని యక్కగారు బ్రతిమాలిరి. మేము చదివిన పుస్తకములలో బేరసారముల మాట స్వల్పము. అయినను ఒక శనివారమున ఆమె వెంట బోయితిమి.

ఆ భవనము చూడ ముచ్చటగానే యున్నది. రెండంతస్తులు, అద్దాల తలుపులు, చీకటి పడగానే రంగుల దీపములు. మెట్లు మాత్రము వెనుకవైపున నున్నవి. ఇద్దరెదురైనచో నొకరు గోడకంటుకొని నిలువవలయును. మేడపైన నొక టిఫిను హోటలు పెట్టి మూడు మాసములకే మూసిరట. కూర్చుండుటకు బల్ల యొక్కటియు లేదు. మేము మెట్టుమీద గూర్చుండగా కావలివాడు వచ్చి, “ఇక్కడ కూర్చోకూడదంటమ్మా” యని లేపెను. వాకిట మిరపకాయ బజ్జీలు వేయవచ్చిన యామెను గూడ వాడే తఱిమెను. మరుగుదొడ్డి గలదు, దానికి తాళము గలదు, తాళపుచెవి కావలివాని జేబులో గలదు.

అంతట మేము బస్సుస్టాండునకు బోయి చూచితిమి. జనమునకు కొదువ లేదు. 2025 ఆగస్టు 15 నుండి ‘స్త్రీ శక్తి’ పథకముక్రింద మన రాష్ట్రపు స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో టిక్కెట్టునకు రూక లేదు గదా. పల్లెల నుండి వచ్చిన యాడువారు వేపచెట్టు నీడను తెచ్చుకొన్న సద్ది తిని, వీధి యంగళ్లలో గాజులును రవికెగుడ్డలును త్వరత్వరగా కొని, మరల బస్సు కొఱకు నిలుచుచున్నారు. ఒకామెను, ఆ క్రొత్త యంగళ్లకేల పోవని మేమడిగితిమి. “ఆ అద్దాల తలుపు తీసి లోపలికి పోయినాక, ఏమీ కొనకుండా ఎట్ల బయటికి వచ్చేదమ్మా?” అనెను. దాహమునకు నీరిత్తుమన్నను వలదనెను. “పొద్దున ఇంటికాడ తాగిన నీళ్లే. మళ్లా ఇల్లు చేరేదాకా తాగము. తాగితే యాడికి పోవాల?”

ఎండ మండెడి మా సీమలో ఉదయము మొదలు సాయంకాలము వఱకు నీరు ద్రావక తిరుగు స్త్రీ యెన్ని యంగళ్లు చూడగలదు? పిల్లవాని తప్పేమియు లేదని మాకు దోచినది.

ఇది మన సీమకే పట్టిన వింత కాదు. గడచిపోయిన పందొమ్మిదవ శతాబ్దమున లండను నగరమునందును స్త్రీలకు బహిరంగ స్థలములలో మరుగుదొడ్లు మిక్కిలి యరుదు. ఇల్లు వెడలిన యిల్లాలు ఎంతసేపు తాళగలదో యంతసేపే బజారున నుండగలిగెడిది. 1909 మార్చి 15న ఆక్స్‌ఫర్డు వీధిలో హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జి యను అమెరికా వర్తకుడు గొప్ప యంగడి తెఱచెను. సరకులను బల్లలపై పఱచి, చేతితో ముట్టి చూడవచ్చుననియు, కొనకున్నను తిరిగి పోవచ్చుననియు ప్రకటించెను. చదువుకొను గది, విశ్రాంతి గదులు, భోజనశాలలు ఏర్పఱచెను. అది దయాధర్మము కాదు, వ్యాపారమే. కూర్చున్న స్త్రీ గంటసేపు నిలుచును; గంటసేపు నిలిచినామె యేదో యొకటి కొనును.

మా యూరి పేరుగల చోటు హైదరాబాదునందును గలదు. దానిని రాయదుర్గ మనియు రాయిదుర్గ మనియు నందురు. మేము మా రాయదుర్గమని చెప్పినచో బంధువులు కొందఱు అదియే యనుకొందురు! ఆ ప్రాంతముననే 2018 ఆగస్టు 9న స్వీడను దేశపు ఐకియా సంస్థ భారతదేశమున తన మొదటి యంగడిని తెఱచినది. పదుమూడెకరముల స్థలము, నాలుగు లక్షల చదరపుటడుగుల భవనము, సుమారు 7,500 రకముల వస్తువులు. వానిలో వేయి రకములు ఆనాడు రెండువందల రూపాయలకు లోపువి. తొలినాటి జనసమ్మర్దమునకు వీధులు స్తంభించెను. 2019 నవంబరు 29న మెట్రో రైలు కూడ రాయదుర్గము స్టేషను వఱకు వచ్చినది.

ఆ యంగడిలో మా మనస్సు నాకర్షించినది బల్లలు కుర్చీలు కావు, భోజనశాల. వేయిమంది యొక్కమారు కూర్చుండునట్లు దానిని నిర్మించిరి. తమ దేశపు మాంసపుటుండలను కోడిమాంసముతోను కూరగాయలతోను చేయించిరి. బిర్యానిని, సమోసాను ప్రక్కన చేర్చిరి. 1943లో పుట్టిన యా సంస్థ 1960 నాటికే తన స్వగ్రామపు టంగడిలో వేడి భోజనము పెట్టనారంభించినది. దూరమునుండి వచ్చినవారు ఆకలి వేయగానే బేరము విడిచి పోవుదురని వారు గ్రహించిరి.

ఒక్క మాట హెచ్చరికగా చెప్పవలయును. అచ్చటి త్రోవ వంకరటింకరగా సరకులన్నిటి నడుమ దిప్పి కాని వెలుపలికి విడువదు. గిన్నె యొకటి కొనబోయినవారు సంచి నిండ మోసికొని వచ్చుట సహజము. చీటి వ్రాసికొని పోవు నిల్లాలికి గూడ నది పరీక్షయే. జనమును రప్పించుటకును, దారి దప్పించి సొమ్ము దీయుటకును నడుమ గీత సన్ననిది.

పెద్ద నగరముల మాల్‌లలో మఱొక కిటుకు గలదు. భోజనశాలలను, సినిమాలను పై యంతస్తున నుంచెదరు. అచ్చటికి పోవువారు నడుమనున్న చిన్న యంగళ్లను దాటక తప్పదు. అద్దెను గూడ పెక్కు చోట్ల అమ్మకములో నింత పాలని కుదుర్చుకొందురు. జనము రాకున్న యజమానికిని నష్టమే గనుక, ఆతడు తుడిపించును, పాటలు పెట్టించును, పండుగలు చేయించును. మేము చూచిన భవనపు యజమానికి అడ్వాన్సు ముందే ముట్టినది. అద్దె నెలనెలా ముట్టుచున్నది. మెట్లు వెనుకనున్న నేమి, ముందున్న నేమి?

ఇంత దూరపు మాట లేల? బళ్లారి దాటిపోయినచో హంపి. విరూపాక్షస్వామి గుడిముందు రథము సాగు వీధికి రెండుప్రక్కలను రాతి మండపముల వరుసలు నేటికిని గలవు. దేవుడు జనమును రప్పించును. మండపము నీడ నిచ్చును. కృష్ణాలయపు బజారు ప్రక్కనే పుష్కరిణి గలదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు బాటసారి డొమింగో పేయిస్, సాయంకాలపు సంతలో నిమ్మలు, నారింజలు, ద్రాక్షలు అమ్ముచుండిరని వ్రాసెను. ఎండ దిగినపిమ్మట సంత! మన పూర్వులు నీడను, నీటిని, చల్లని వేళను ముందు చూచుకొని పిమ్మట నంగడి పెట్టిరి.

ఇదంతయు నక్కగారికిని వారి కుమారునకును మేము చెప్పితిమి. పిల్లవాడు తక్కిన దుకాణదారులను గూడగట్టి యజమాని నడిగెను. మెట్లు మార్చుట తన వలన గాదని యాయన తేల్చివేసెను. తక్కినది మీ యిష్టమనెను. వారు తలకింత వేసికొని వాకిట రెండు బల్లలు, ఒక నీళ్లకుండ పెట్టించిరి. మరుగుదొడ్డి కడుగుట కొకామెను నియమించి, ‘స్త్రీలకు’ అని పలక వ్రాయించి, బస్సుస్టాండునకు కనబడునట్లు బాణపు గుర్తు వేయించిరి. బజ్జీలామెను మరల పిలిచిరి. కావలివాడు మొదట గొణిగెను గాని, ఇప్పుడు సాయంకాలము వాని చేతిలో నొక బజ్జీ యుండును.

రెండు మాసములైనది. నీరు ద్రావ వచ్చినవారు బల్లపై గూర్చుందురు. పిల్లలు మెట్లెక్కుదురు, పిల్లల వెంట తల్లు లెక్కుదురు. గౌనులు కొన్ని యమ్ముడుపోయినవి. అద్దె వెళ్లినది, బ్యాంకు వడ్డీ కట్టిరి. మూసిన హోటలు మాత్రము మూసియే యున్నది. అక్కగారు వారమున కొకమారు ఆ పట్టణమునకు బోయి, మరుగుదొడ్డి తాళపుచెవి తమ కుమారుని దుకాణపు మేకునకు వ్రేలాడుచున్నదో, మరల కావలివాని జేబులో జేరినదో చూచి వచ్చుచున్నారు. గాజు లింకను బ్యాంకులోనే యున్నవి.