పర్మిషన్ ఇచ్చే ముందు బండ్లు లెక్కపెట్టండి!

పాలమూరు, నల్లగొండ పట్టణ ప్రజలారా!

ముహూర్తాలున్న రోజు రాత్రి రోడ్డు మీది ఏ ఫంక్షన్ హాల్ ముందరైనా నిలబడి చూడండి. లోపల జాగా నిండి కార్లు సడక్ మీదికొస్తాయి. గేటు పక్కన జనరేటర్ వ్యాను, దానికి అడ్డంగా బరాత్ డీజే బండి. వెనుక 108 మోగుతూనే ఉంటుంది, పక్కకు జరుగుదామన్నా జాగా లేదు. పెళ్లివాళ్లను తిట్టుకుంటాం. వాళ్లేం చేస్తారు? హాల్‌కు పర్మిషన్ ఇచ్చిన రోజే ఈ జామ్‌కూ పర్మిషన్ ఇచ్చేశారు.

జడ్చర్ల నుంచి రాయచూరు పోయే 167 నంబరు జాతీయ రహదారి మహబూబ్‌నగర్ మీదుగా, నకిరేకల్ నుంచి సాగర్ వైపు పోయే 565 నల్లగొండ మీదుగా పోతాయి. లారీలు, ఆర్టీసీ బస్సులు, బడిపిల్లల ఆటోలు అన్నీ వాటి మీదే. పక్కనే మాల్, దవాఖాన, వెంచర్ లేస్తుంటే వాటికి వచ్చిపోయే బండ్లెన్నని అడిగే నాథుడు లేడు.

చట్టం అడగకపోలేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాలకు ముందస్తు అనుమతి కావాలి. పార్కింగ్ కొరత వస్తుందా, గేటు దగ్గర ట్రాఫిక్ ఎట్లా నడిపిస్తారని ఆ దరఖాస్తులోనే ఉంది. 20,000 చదరపు మీటర్లంటే సుమారు 2,15,000 చదరపు అడుగులు! మన ఊళ్లలో ఫంక్షన్ హాళ్లు, నర్సింగ్ హోములు ఆ గీతకు కిందనే ఆగిపోతాయి. ఇక భవన అనుమతుల బీపాస్ చట్టం కింద పెద్ద కట్టడాలకూ 21 రోజులే గడువు, ఆలోగా జవాబు రాకుంటే అనుమతి వచ్చినట్టే. పని జల్దీ కావడం మంచిదే. కానీ ప్లాన్‌లో పార్కింగని గీసిన సెల్లార్‌లో రేపు షాపులు తెరిస్తే చూసేదెవరు?

మేం అడిగేది ఒకటే. జనం గుమిగూడే ప్రతి కట్టడానికి, చిన్నదైనా సరే, అనుమతికి ముందే బండ్ల లెక్క తీయాలి. బడి వేళ, సాయంత్రం వేళ, ముహూర్తం రోజు ఆ రోడ్డు మీద ఇప్పుడెన్ని, కట్టాక ఎన్ని, దగ్గరి చౌరస్తా తట్టుకుంటుందా? ఖర్చు బిల్డర్‌దే, లెక్క మాత్రం బల్దియా పెట్టిన ఇంజినీరు తీయాలి. బిల్డర్ మనిషికే అప్పగిస్తే ఆదివారం పొద్దున్నే లెక్కపెడతాడు!

మీ వీధిలో పునాది తవ్వుతున్నారా? సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ప్లాన్ నకలు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. జాతీయ రహదారిలోకి గేటు తెరవాలంటే 2002 చట్టం ప్రకారం వేరే అనుమతి ఉండాలి, ఆ కాగితమూ చూపమనండి. స్లాబ్ పడ్డాక మొత్తుకుని లాభం లేదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి దరఖాస్తుతో రండి. మీ గల్లీ నుంచి నలుగురిని తోలుకురండి!

ఇట్లు,
పట్టణ పౌరులు